మూడు చుక్కలు

నా పని వినడం, విన్నది టైపు చేయడం.
దగ్గు వస్తే రాయను. కప్పు చప్పుడు రాయను.
మౌనం రెండు సెకన్లు దాటితే మాత్రం
మూడు చుక్కలు పెట్టాలని నియమం.

ఔలు నగరంలో ఫిబ్రవరి. బయట మైనస్ పంతొమ్మిది.
తుయిస్కు కంపెనీ, మూడో అంతస్తు, గాజు గది.
వీళ్ళు చేసేది గోరంత చిప్పు.
మనిషి గొంతు ఒక్కటీ ఉంచి
మిగతా లోకాన్నంతా తుడిచేస్తుంది.

పొద్దున్నే లెక్కలు బయటికి వెళ్ళాయి.
అమ్మకాలు నూటికి ముప్పై ఒకటి ఎక్కువ,
లాభం కంపెనీ పుట్టాక ఎన్నడూ లేనంత.
క్యాంటీన్లో ఏలకుల బన్నులు ఉచితం.
ఆస్కో రెండు తిని, మూడోది జేబులో వేసుకున్నాడు.

ఆస్కో పార్కింగులో మంచు తోసే బండి నడుపుతాడు.
పడవ అమ్మి ఈ షేర్లు కొన్నాడు.
మరి ఎండాకాలం చేపలకెలా వెళ్తావంటే
ఒడ్డున కూర్చుని పడతాలే అంటాడు.

పదకొండింటికి ఫోన్లో సభ.
ఆర్థికాధికారి సిర్కా హాప్‌సాలో
అరిగిన కళ్ళజోడు పెట్టుకుని చదివింది.
కాయితం వణకలేదు.
లండన్ నుంచి డెన్‌హోమ్ అనే ఆయన అడిగాడు:
"వచ్చే మూడు నెలలూ ఇలాగే ఉంటుందా?"

సరిగ్గా అప్పుడు కిటికీ కింద
ఆస్కో బండి వెనక్కి వస్తోంది,
బీప్, బీప్, బీప్.
అది ఆగేదాకా ఆగిందామె.
అంతే. నేను చూశాను, అంతే.
తర్వాత అంది: "ఉంటుందనే అనుకుంటున్నాం."

బల్ల మీది మైకులో వాళ్ళ చిప్పే.
బీపుల్ని ఒక్కటి మిగల్చకుండా తుడిచేసింది.
అటువైపు వినబడింది ఒట్టి మౌనం.
నా వేళ్ళు నియమం తప్పలేదు.

...

ముందు చదివింది మనుషులు కాదు.
ఎక్కడో చల్లటి గదుల్లో యంత్రాలు,
రెప్ప వేసేలోగా అమ్మేశాయి.
అవి అమ్మాయని మనుషులు అమ్మారు.
అప్పు చేసి కొన్నవాళ్ళ చేత
అప్పిచ్చినవాళ్ళు అమ్మించారు.
చుక్కలనంటిన ధర, ఎనభై నాలుగు యూరోలు,
పన్నెండు కొట్టేసరికి అరవై ఒకటి.
ఈలోగా ఒక్క చిప్పూ చెడిపోలేదు.
ఒక్క కొనుగోలుదారూ ఫోన్ చేసి వద్దనలేదు.

భోజనాల వేళ ఆస్కో నా ఎదురుగా కూర్చున్నాడు.
బన్ను ఇంకా జేబులోనే ఉంది, నలిగి.
"లాభం పెరిగిందన్నారుగా?"
పెరిగింది, అన్నాను.
కానీ నువ్వు ఎనభై నాలుగు పెట్టి కొన్నది
ఈ ఏటి లాభాన్ని కాదు,
ఇంకా ఎవరూ చూడని పదేళ్ళ లాభాన్ని.
కడుపులో ఉన్న బిడ్డకి పేరు పెట్టడమే కాదు,
పెళ్ళి చేసి, ఆ విందు కూడా తినేశారు అందరూ.
ఇక శుభవార్తకి కూర్చునే చోటేదీ?
"అనుకుంటున్నాం" అన్న మాట చాలింది.

ఆస్కో చాలాసేపు చారులో చెంచా తిప్పాడు.
"ఏప్రిల్లో సముద్రం మీద మంచూ అంతే," అన్నాడు.
"చూడ్డానికి మందంగానే ఉంటుంది.
ముందువాడు బూటు తాడు కట్టుకోడానికి ఆగుతాడు.
ఎందుకాగాడోనని వెనకవాళ్ళు హడలిపోయి
అందరూ ఒక్కచోటే వెనక్కి తిరుగుతారు.
అప్పుడు విరుగుతుంది."

కాసేపుండి అడిగాడు:
"ఇంతకీ ఆవిడ ఎందుకాగిందట?"

ఇరవై రెండేళ్ళుగా విన్నది విన్నట్టు రాస్తున్నదాన్ని.
ఒకటి, రెండు,
మూడు కూడా దాటింది.

"చారు చల్లారిపోతోంది," అన్నాను.

మూడింటికే చీకటి పడుతోంది. మళ్ళీ మంచు మొదలైంది.
కింద అతని బండి వెనక్కి వస్తోంది.
కిటికీ కొంచెం తెరిచాను,
చలి లోపలికి వస్తే రానీ అని.